జామాయిల్ పూతలో ఇరుక్కున్న పెళ్ళికొడుకు

జామాయిల్ చెట్టు పూస్తుందని నమ్మనివాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. తప్పు వాళ్ళది కాదు, మెడలది. అంత ఎత్తుకి ఎవరు తలెత్తుతారు? ఎత్తినా, రేకులంటూ లేకుండా తెల్లటి పీచులాగా ఉండే పువ్వుని చూసి చెట్టుకి గడ్డం నెరిసిందనుకుంటారు. ఆ గడ్డంలో ఎంత తేనె ఉందో తేనెటీగకి తెలుసు. ఒక ఏడాది పూత ఎంత గట్టిగా వచ్చిందంటే, తోపులో నడుస్తూంటే నా చెప్పులు నేలకి అంటుకుని ఊడిపోయాయి. ఉత్తి కాళ్ళతో ఇంటికి వచ్చాను. తాగి పారేసుకున్నావు పొమ్మంది మా ఆవిడ. సరే, దాన్ని మీరూ నమ్మవద్దు. ఇప్పుడు చెప్పేది మాత్రం నమ్మండి. ఇందులో నేను కలపడానికి చోటు దొరకలేదు.

మాది తేనెపెట్టెల బతుకు. చేలల్లో పూత అయిపోతే మునగ తోటలకి, మునగ అయిపోతే జామాయిల్ తోపులకి, పూత ఎక్కడుంటే పెట్టెలు అక్కడికి మోసుకుపోతాం. చెట్టు పూసినన్నాళ్ళే మా కంచంలో అన్నం. ఆ మోతకి ఉన్న ఒకే ఒక వ్యాను మా బావమరిదిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. మేమంతా వాణ్ణి గుమ్మడి అంటాం. కారణం ఉంది. ఈ కథకి ముందు ఏడు ఒక తేనెటీగ వాణ్ణి చెవి మీద కుట్టింది. మామూలు మనిషికైతే చెవి వాస్తుంది. వీడికి ఒళ్ళంతా వాచి, కళ్ళు మూసుకుపోయి, ఊపిరి ఆడక నేల మీద పడిపోయాడు. ఆసుపత్రిలో బతికించి పంపుతూ డాక్టరు ఒకటే మాట అన్నాడు. “ఇంకోసారి కుడితే నా దగ్గరికి తీసుకురాకండి. అవసరం ఉండకపోవచ్చు.”

అలాంటివాడు తేనెటీగలకి డ్రైవరేమిటని మీరు అడుగుతారు. మేమూ అడిగాం. “నేను తప్ప మీకెవరు తోలతారు బావా?” అన్నాడు. అద్దాలు బిగించుకుని, సందుల్లో గుడ్డలు కుక్కుకుని, ఉడికిపోతూ తోలేవాడు.

ఆ వాపు ఇంకో ముప్పు కూడా తెచ్చింది. వాడు ఒక దర్జీ అమ్మాయిని చేసుకోవాలనుకున్నాడు. మాటకీ కత్తెరకీ ఒకే పదును ఉన్న పిల్ల. రిజిస్టారాఫీసులో తేదీ తీసుకున్నారు. సరిగ్గా దానికి ముందు రోజే చెవి మీద కుట్టించుకుని వీడు ఆసుపత్రిలో పడ్డాడు. కబురు అందక ఆ పిల్ల ఆఫీసు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చుంది. తరవాత వచ్చి వీడి ముఖం చూసి, నవ్వు ఆపుకుని, “సరే, తేనెటీగలే అనుకుందాం. ఇంకోసారి నన్ను ఆ మెట్ల మీద కూర్చోబెడితే మాత్రం మూడోసారి రాను,” అంది. అది బెదిరింపు కాదు. కత్తిరించిన గుడ్డ మళ్ళీ అతుక్కోదని తెలిసిన పిల్ల మాట.

రెండోసారి తీసుకున్న తేదీ వచ్చింది. దాని ముందు సాయంత్రమే మాకు జామాయిల్ తోపు పూసిందని కబురు వచ్చింది. “మిమ్మల్ని దింపి, అక్కడే పడుకుని, పొద్దున్నే పట్నం వెళ్ళిపోతాను. ఆఫీసు ఒంటిపూట. ఒంటిగంటకి మూసేస్తారు. ఎంతసేపు బావా, గాలిలా వెళ్ళిపోతా,” అన్నాడు గుమ్మడి.

తోపు పక్కన ఒక మోటారు గది ఉంది. ఇటుక గోడలు, పైన స్లాబు, ముందుకి తెరుచుకునే ఇనప తలుపు, వెనకవైపు చువ్వల కిటికీ. తలుపు ముందు ఇరుకుగా ఒక సిమెంటు అరుగు. పెట్టెలు కింద పెడదామంటే నేలంతా గండుచీమలు. తేనె వాసన తగిలితే చీమలు పెట్టెని బతకనివ్వవు. మా ఆవిడ అరుగు చూపించింది. మసక వెలుతురులో పెట్టెలన్నీ అరుగు మీద ఒకదాని మీదొకటి రెండు వరసలుగా, తలుపుకి ఆనించి పేర్చేశాం. గుమ్మడి వ్యానులో పడుకున్నాడనుకున్నాం. అద్దాలకి గుడ్డలు అలాగే వేలాడుతున్నాయి మరి.

వాడేమో, పెట్టెల బయట అంటుకుని వచ్చిన నాలుగు ఈగలు వ్యాను మీద పాకుతున్నాయని భయపడి, మేము చీమల్ని తిట్టుకుంటూ అటు తిరిగి ఉన్నప్పుడు మోటారు గదిలో దూరి, లోపలనుంచి గడియ పెట్టుకుని పడుకున్నాడు. ఇనప తలుపుకన్నా భద్రమైన చోటు ఏముంది? వాడి నిద్ర సంగతి తెలిసినవాళ్ళకి, పెట్టెలు దింపిన చప్పుడుకి ఎందుకు లేవలేదని అనుమానం రాదు. ఒకసారి వాడు నిద్రపోతూండగా ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. లేచాక, “ఎవరే దీపం పెట్టిందీ?” అని సూర్యుణ్ణి చూసి అడిగాడు.

తెల్లవారగానే నేను పెట్టెల వాకిళ్ళు తెరిచాను.

ఇక్కడ మా పనిలో ఒక కట్టుబాటు చెప్పాలి. కొత్తచోట వాకిలి తెరవగానే ఈగ బయటికి వచ్చి నేరుగా చెట్టుకి పోదు. వెనక్కి తిరిగి, పెట్టెకేసి చూస్తూ, గాలిలో సున్నాలు చుట్టి, ఇల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని అప్పుడు పోతుంది. అది అయ్యాక చీకటి పడేదాకా ఆ పెట్టె భూమిలో పాతినట్టే. తీసి అవతల పెడితే, తేనె మోసుకొచ్చిన ఈగలన్నీ ఇల్లు ఉన్నచోటికే వచ్చి, ఇల్లు కనబడక గాలిలో గింగిరాలు కొడతాయి. ఇల్లు మరిచిపోయిన తాగుబోతు నయం, పక్కింటి తలుపన్నా తడతాడు. ఇవి ఎవరు కనబడితే వాళ్ళని కుడతాయి.

ఈగలు చెట్లెక్కాయి. తోపంతా ఒక్కటే హోరు. నేను సంతోషంగా బీడీ ముట్టించబోతున్నాను. అప్పుడు పెట్టెల వెనకాల ఇనప తలుపు దడదడలాడింది.

“బావా! తలుపు రావట్లేదు!”

బీడీ జారిపోయింది. మా ఆవిడ నాకేసి చూసింది. నేను వ్యానుకేసి చూశాను. ఇద్దరం గది వెనక్కి పరిగెత్తాం. కిటికీ చువ్వల మధ్య గుమ్మడి ముఖం.

“ఒరేయ్, నువ్వు అందులో ఏం చేస్తున్నావురా?”

“పడుకున్నాను.”

“పడుకోడానికి నీకు లోకంలో ఇంకో గది దొరకలేదూ?”

“తలుపుకి అడ్డంగా ఏం పెట్టారు బావా?”

“నీ పెళ్ళికి వచ్చిన చుట్టాల్నిరా. పెట్టెలన్నీ అక్కడే ఉన్నాయి. వాకిళ్ళు తెరిచేశాను.”

చువ్వ పట్టుకున్న వాడి వేళ్ళు తెల్లబడ్డాయి. అంతదాకా నాకు నవ్వు వస్తూనే ఉంది. ఆ వేళ్ళు చూశాక ఆగిపోయింది.

“అరుగు మీద పెట్టమన్నది మీ అక్క,” అన్నాను.

“తలుపుకి ఆనించమన్నది నేనా? నీకు కళ్ళు లేవూ?” అంది మా ఆవిడ.

“చీమలు అన్నది నువ్వేగా!”

“అక్కా, బావా,” అన్నాడు గుమ్మడి మెల్లిగా, “మీరు తరవాత కొట్టుకోండి. ఒంటిగంటకి ఆఫీసు మూసేస్తారు.”

గునపం తెచ్చి కిటికీ చువ్వ కింద ఒక్క పోటు పొడిచాను. ఆ అదురు గోడలోంచి అరుగులోకి, అరుగులోంచి పెట్టెల్లోకి పాకింది. ముందు వైపున పెట్టెలన్నీ ఒక్కసారిగా గుర్రుమన్నాయి. గది లోపల ఆ చప్పుడు ఇంకెంతగా వినబడిందో, గుమ్మడి రెండు చెవులూ మూసుకుని మోటారు పక్కన చతికిలబడ్డాడు. గునపం నేల మీద పెట్టేశాను.

చీకటి పడ్డాక పెట్టెలు జరపడం చిటికెలో పని. కానీ చీకటి పడేసరికి ఆ పిల్ల మూడోసారి రానని వెళ్ళిపోయి ఉంటుంది.

గుమ్మడి ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టాడు.

“ఎక్కడున్నావ్?” అంది దర్జీ అమ్మాయి.

“ఇక్కడే, మోటారు గదిలో. బయటికి రాలేను. తలుపు ముందు తేనెటీగలు.”

“పోయినసారీ తేనెటీగలే. ఈసారి వేరే ఏదైనా చెప్పాల్సింది. ఏనుగులని చెప్పు, కాస్త కొత్తగా ఉంటుంది.”

“ఒట్టు. కావాలంటే బావని అడుగు.”

నేను ఫోనుకేసి ముఖం పెట్టి, “అమ్మాయ్, నిజమే తల్లీ. తలుపుకి అడ్డంగా...” అన్నాను.

“అన్నయ్యా, తప్పుగా అనుకోకండి. చెప్పులు నేలకి అంటుకున్నాయని చెప్పింది మీరే కదా?”

నా జీవితంలో ఒక్కసారి నిజం అవసరమైతే, దాన్ని కొనేవాడు లేకపోయాడు. మా ఆవిడ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి ఫోను లాక్కుంది. “అమ్మాయ్, నేను. నిజమే. నా కళ్ళతో చూస్తున్నాను,” అని ఇచ్చేసింది. అంతే. ఆ పిల్ల, “వస్తున్నాను వదినా,” అంది.

వచ్చింది. ఆటో తోలుకొచ్చినవాడు తోపు హోరు విని మొదట్లోనే దింపేసి, డబ్బులు కూడా సరిగ్గా చూసుకోకుండా వెనక్కి తిప్పుకుపోయాడు. అంటే ఇక పట్నం పోవాలంటే వ్యాను ఒక్కటే. అది తోలడం వచ్చినవాడు చువ్వల వెనకాల ఉన్నాడు. నాకు ఎడ్లబండి తప్ప ఏదీ చేతకాదు.

ఆ అమ్మాయి ముందు నుంచి పెట్టెలు చూసింది, వెనక్కి వచ్చి వాణ్ణి చూసింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే వాడికి కాస్త ఊపిరాడేది.

“ఆ పెట్టెలు కొంచెం కూడా జరగవా అన్నయ్యా?”

“రెండు పెట్టెలు ఒక మూరెడు ముందుకి లాగొచ్చు. అంతవరకైతే ఈగ ఇల్లు మరిచిపోదు. తలుపు సందు చేసుకుని మనిషి పక్కకి తిరిగి రావచ్చు. నేనైతే వచ్చేస్తాను. వీడు వస్తే ఒక్కటి చాలు.”

“మీకు ముసుగు ఉందిగా?”

“ముసుగు తలకే. మిగతా ఒళ్ళంతా చొక్కా. చొక్కాలోంచి ముల్లు దిగుతుంది.”

“దేంట్లోంచి దిగదు?”

నేను ఆలోచించేలోపే ఆ పిల్ల కళ్ళు వ్యానులో మడిచి ఉన్న మా ఆవిడ బొంత మీద పడ్డాయి. పాత చీరలన్నీ పొర మీద పొర వేసి కుట్టిన బొంత. దాని మీద కూర్చుంటే గుర్రం మీద కూర్చున్నట్టుండేది.

మా ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. “అందులో మా అమ్మ చీరలున్నాయే.”

“కోస్తాను వదినా. వద్దంటే చెప్పండి.”

మా ఆవిడ కిటికీకేసి చూసింది. “కొయ్యి,” అని ముఖం తిప్పేసుకుంది.

“తల్లీ, ఒక సంగతి,” అన్నాను. “పువ్వులో తేనె ఊరుతున్నంతసేపూ ఈగకి మన మీద ధ్యాస ఉండదు. కడుపు నిండి వస్తుంది, పెట్టె ముందు దబ్బున పడుతుంది, దింపి మళ్ళీ పోతుంది. ఎండ ఎక్కితే పువ్వు ఆరిపోతుంది. అప్పుడవి ఉత్తి చేతులతో ఇంటికొచ్చిన మొగుళ్ళలాగా అందరి మీదా ఎగురుతాయి. ఆలోగా అయిపోవాలి.”

“అయితే మాట్లాడించకండి,” అంది.

సంచిలోంచి కత్తెర తీసింది. బస్తాలు కుట్టే దబ్బనం నా దగ్గర ఉంది, పురికొస ఉంది. బొంత మొత్తంగా చువ్వల్లోంచి పట్టదు. అందుకని ముక్కలుగా కోసి, ఒక్కొక్కటీ లోపలికి తోసి, వాడి ఒంటి మీదే కుట్టడం మొదలుపెట్టింది. వాడు చువ్వలకి ఆనుకుని చెయ్యి చాపితే చేతికి తొడుగు, కాలు కిటికీ దిమ్మ మీద పెడితే కాలికి తొడుగు. ఆ పిల్ల చేతులు మోచేతుల దాకా చువ్వల లోపల. బుగ్గ చువ్వకి అంటుకుని గీత పడింది.

“కుట్టింది! కుట్టింది బావా!” అని ఒకసారి అరిచాడు.

“దబ్బనంరా. చచ్చిపోకు.”

“కదలకు,” అంది ఆ పిల్ల. “పెళ్ళికని నీకు తెల్ల చొక్కా కుట్టి తెచ్చి తొడిగించాను. దాని మీద ఇది. తెలుసా?”

“ఏం చేశాను నేను? పడుకున్నాను.”

“అవును. అందరూ పెళ్ళికి ముందు రోజు ఇనప గదుల్లోనే పడుకుంటారు.”

పురికొస లాగిన చప్పుడు, తోపు హోరు. తరవాత వాడు గొంతు తగ్గించాడు. నాకు వినబడకూడదనుకున్నాడేమో. “నాకు భయంగా ఉంది. చావంటే కాదు. ఊపిరి రాకపోవడం ఉంది చూడు, అది. నువ్వు వెళ్ళిపోయినా తప్పు పట్టను.”

“వీపు ఇటు తిప్పు,” అంది.

నేను మధ్యమధ్య ముందుకి వెళ్ళి ఈగల్ని చూసి వస్తున్నాను. మొదట్లో బరువుగా దబ్బుదబ్బుమని పడేవి. వీపు కుట్టేసరికి కొన్ని తేలిగ్గా దిగడం మొదలుపెట్టాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి తేనె దొంగిలించడానికి పక్క పెట్టెల వాకిళ్ళ దగ్గర వాసన చూస్తున్నాయి. పువ్వు ఆరిపోయింది. నేను వెనక్కి వచ్చి ఆ సంగతి చెప్పలేదు. నా ముఖమే చెప్పేసింది.

“ఇంకెంత?” అన్నాను.

“మెడ.”

నా ముసుగు వాడి తలకి తొడిగి, బొంత మెడకి చుట్టూ కలిపి కుట్టేసింది. ఇక వాడు అందులోంచి తనంతట తాను బయటికి రాలేడు. చేతులకీ కాళ్ళకీ సంచులు కట్టింది. లోపల మనిషి ఉన్నాడని చెప్పడానికి గురక లాంటి ఊపిరి తప్ప ఏమీ మిగల్లేదు.

నేను ఈగల్ని అణిచే పొగడబ్బా ముట్టించి ముందుకి వచ్చాను. తలకి తడిగుడ్డ చుట్టుకున్నాను, నా ముసుగు వాడి మీద ఉందిగా. పొగ కొట్టి రెండు పెట్టెలు మూరెడు ముందుకి లాగాను. ఈగలు భగ్గుమని లేచాయి. నుదుటి మీద ఒకటి, మెడ మీద రెండు ముల్లు దించాయి. అవి నాకు పాత బాకీలు. గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందు విచ్చింది. బొంత గుమ్మంలోకి వచ్చింది.

వచ్చి, ఆగిపోయింది.

“రారా!” అన్నాను.

రాలేదు. ముసుగు జల్లెడ మీద ఒక ఈగ వాలింది. దాని వెనకాల ఇంకో నాలుగు. వాడి కళ్ళకీ వాటికీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. వాడు వెనక్కి పోలేడు, తలుపు వీపుకి తగిలి ఉంది. ముందుకి రాడు. నేను తిట్టాను, బతిమాలాను, మా ఆవిడ అవతలనుంచి పేరు పెట్టి ఏడ్చింది. బొంత కదల్లేదు. లోపలనుంచి ఊపిరి చప్పుడు మాత్రం పెరుగుతోంది. పొగ అయిపోవస్తోంది.

అప్పుడు ఆ పిల్ల నా పక్కనుంచి వచ్చింది. ముసుగు లేదు, గుడ్డ లేదు. పెట్టెల మధ్య మూరెడు సందులోకి కుడిచెయ్యి చాపింది.

“అది నా కుట్టు,” అంది. “ఏదీ లోపలికి రాదు. నడు.”

ఆ చేతి మీద ఒక ఈగ వాలి ముల్లు దించింది. మగ్గిన అరటిపండు వాసన గుప్పుమంది. మా పనివాళ్ళకి ఆ వాసనంటే వణుకు. ఒకటి కుట్టిన చోటికి, ఆ వాసన పట్టుకుని మిగతావి వస్తాయి. “చెయ్యి తీసెయ్ అమ్మాయ్!” అని అరిచాను. రెండోది కుట్టింది. మూడోది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది గానీ చెయ్యి అక్కడే ఉంది. వాడు జల్లెడలోంచి ఆ చేతినే చూస్తున్నాడు. అది వాస్తూండడం వాడికి కనబడుతూనే ఉంది.

సంచి కట్టిన చెయ్యి మెల్లిగా లేచి ఆ చేతిని పట్టుకుంది. బొంత పక్కకి తిరిగింది, నలిగింది, ఒక పెట్టె మూతని రాసుకుని బయట పడింది.

తరవాత ఇద్దరూ పరిగెత్తిన పరుగు చూడాలి. వాడు మోకాలు సరిగ్గా వంచలేడు. పీపా దొర్లినట్టు దొర్లాడు. నేను పెట్టెలు వెనక్కి తోసి చూసేసరికి వ్యాను తోపు దాటుతోంది. కిటికీలోంచి బొంత మోచెయ్యి బయటికి పొడుచుకుని ఉంది.

“వాడు బతికే ఉన్నాడా?” అంది మా ఆవిడ.

“బండి తిన్నగానే పోతోందిగా.”

ఆ తరవాతది నేను చూడలేదు. గుమ్మడి చెప్పినదాంట్లో సగం, ఆ పిల్ల చెప్పినదాంట్లో ముప్పాతిక తీసుకుని చెబుతున్నాను.

వాళ్ళు రిజిస్టారాఫీసు చేరేసరికి అక్కడి అధికారి తన గదికి తాళం వేస్తున్నాడు. మెట్లెక్కి వస్తున్న బొంతని చూసి తాళం చేతిలోనే ఉండిపోయింది. “ఏమిటిది?” అన్నాడు. “పెళ్ళికొడుకండీ,” అంది ఆ పిల్ల. ఆయన పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు చేయిస్తున్నాడట. పెళ్ళికొడుకుని విప్పి చూపించమని అడగాల్సి రావడం అదే మొదలట. తలుపు మళ్ళీ తీశాడు. ఆ పిల్ల కుడిచెయ్యి కత్తెర పట్టే స్థితిలో లేదు. వాడి చేతులు సంచుల్లో ఉన్నాయి. బంట్రోతు బ్లేడు తెచ్చి మెడ దగ్గర కుట్లు తెంపాడు. లోపలనుంచి ఎర్రగా ఉడికిన ముఖం, దాని కింద తడిసి ముద్దయిన తెల్లచొక్కా బయటపడ్డాయి. బంట్రోతూ, ఇద్దరు గుమాస్తాలూ సాక్షులుగా నిలబడ్డారు.

వాడు సంతకం పెట్టడానికి వంగాడు. బొంత మడతలోంచి ఒక ఈగ నడుచుకుంటూ వచ్చి కాగితం మీద వాలింది.

అధికారి నవ్వబోయాడు. వాడి ముఖం చూసి నవ్వలేదు. వాడు కలం అలాగే పట్టుకుని రాయిలా ఉండిపోయాడు. ముసుగు లేదు, మెడకి బొంత లేదు, కుట్టు తెంపేశారు. ఆ ఈగ కలం దాకా నడిచింది. అప్పుడు ఆ పిల్ల తన వాచిన చేత్తోనే, బల్ల మీది గాజుగ్లాసు తీసి, నీళ్ళు కింద ఒలికిపోతూండగా, దాని మీద బోర్లించింది.

“పెట్టు,” అంది. “ఖాళీ ఉన్నచోట పెట్టు.”

గ్లాసు పక్కన ఖాళీలో వాడు సంతకం పెట్టాడు. ఆ పిల్ల ఎడమచేత్తో పెట్టింది. కోడి కెలికినట్టు ఉంటుంది, ఇప్పటికీ చూపిస్తుంది. అంతసేపూ ఈగ గ్లాసులో పైకి పాకుతూ, జారుతూ, పాకుతూ ఉంది.

తరవాత గ్లాసు కింద ఒక అట్ట తోసి, తీసుకెళ్ళి కిటికీ బయట వదిలేసిందట. ఆ సంగతి చెప్పినప్పుడు నేను అడిగాను. “అక్కణ్ణించి మా పెట్టెలకి దారి దొరకదు దానికి. చాలా దూరం. ఎటు పోయింది?”

“ఎటూ పోలేదు అన్నయ్యా,” అంది. “మేము వచ్చేసేటప్పటికి ఇంకా కిటికీ చువ్వ మీదే కూర్చుని ఉంది.”